అంజనప్ప చింతకట్టెలు

ఎండ కాసిన రోజున ఊళ్ళో అందరూ వేరుశెనక్కాయలు ఎండబెట్టుకుంటారు. అంజనప్ప తన చితి ఎండబెట్టుకుంటాడు.

ఆ గురువారం కూడా అదే పనిలో ఉన్నాడు. వారంరోజుల ముసురు తర్వాత ఎండ మొహం చూపించింది. పశువుల కొట్టం వెనక, కంచె పక్కన, రాళ్ళ మీద ఎత్తుగా పేర్చిన చింతకట్టెల మీదినుంచి నీలం టార్పాలిన్ లాగి, మడిచి పక్కన పెట్టాడు. ఒక్కో మొద్దును వేలి కణుపులతో తట్టి చూస్తున్నాడు. ఎండిన మొద్దు ఖంగుమంటుంది. చెమ్మ పట్టిన మొద్దు బొద్దుమంటుంది. ఖంగుమన్నప్పుడల్లా ఆయన మీసం కింద చిన్న నవ్వు కదులుతోంది.

అడుగున తొడలావు మొద్దులు, వాటి మీద చేతిమందం కట్టెలు, నడుమ నడుమ పిడకలు, పైన కొబ్బరి డిప్పలు. పక్కనే రేకు కప్పిన గూట్లో ఒక డబ్బా కర్పూరం, ఒక డబ్బా నెయ్యి. నెయ్యి పాతబడితే కంపు కొడుతుందని పండగ పండగకీ మార్పిస్తాడు. కంపు నెయ్యి పోస్తే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? తాను అప్పుడు లేచి సర్దిచెప్పడానికి కూడా వీలుండదు.

ఈ ముందుచూపంతా స్నేహితుడు మాదయ్య పోయినప్పుడు పుట్టింది. మాదయ్యను టౌనులో కొత్తగా కట్టిన గ్యాసు శ్మశానానికి తీసుకుపోయారు. అక్కడినుంచి తిరిగి వచ్చిన మర్నాడే అంజనప్ప చేనుగట్టు మీద కాపు ఉడిగిన చింతచెట్టును కొట్టించాడు. "ఇనప తలుపు తెరిచినారు, తోసినారు, మూసినారు. బన్ను కాల్చే మాదిరి! మేము టీ తాగి వచ్చేలోపల మాదయ్యను కుండలో పెట్టి చేతికిచ్చినారు. మనిషి అంటే నిదానంగా కాలాలప్పా. నలుగురు చుట్టూ కూచోవాల, వాడు మంచోడనో చెడ్డోడనో మాట్లాడుకోవాల." ఈ మాట పెన్నాగరం రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పాడు. చెప్పకుండా ఉండటం ఆయన వల్ల కాదు. అంజనప్ప నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్ళో పేరు.

వంటింటి పెంకుల సందుల్లోంచి పొగ తెల్లగా, చిక్కగా లేస్తోంది. లోపల కోడలు ధనం దగ్గుతోంది. వానకు తడిసిన సీమతుమ్మ మండనంటే మండనంటోంది. గ్యాసు పొయ్యి లేక కాదు. ఉంది, టీకి, పాలకు. సంగటి కుండ దాని మీద పెట్టి తెడ్డుతో కెలికితే పొయ్యి కుంటిగాడిదలా గెంతుతుంది. పైగా స్నానాల నీళ్ళకూ, ఆవు కుడితికీ గ్యాసు తగలేస్తారా ఎవరైనా? కాబట్టి ధనం రోజూ కంచెలెంబడి పోయి ముండ్లకంప కొట్టుకొస్తుంది, కూచుని ఊదుతుంది, కళ్ళు తుడుచుకుంటుంది. కొట్టం వెనక పేర్చిన కట్టెల వైపు మాత్రం చూడదు. కాటికట్టె ఇంటి పొయ్యిలో పెడితే ఆ ఇంట్లో పీనుగు లేస్తుందని వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళమ్మకు వాళ్ళవ్వ చెప్పింది.

"తాతా, నీ కట్టెలన్నీ ఎంత బరువుంటాయి?"

అడిగింది మనవరాలు మోహనప్రియ. చెట్టికరై ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతోంది. సోమవారం క్లాసులో ఇంధనాల గురించి సెమినారు ఇవ్వాలి. చేతిలో ఫోను పట్టుకుని కట్టెల చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీస్తోంది.

"అర టన్ను ఉంటాది. ఏమిటికి?"

"నిన్నే ఎగ్జాంపుల్‌గా పెట్టినాను తాతా. నీ దహనానికి ఎంత పొగ వస్తాదో లెక్క వేసినాను."

అంజనప్ప నడుం నిటారుగా చేశాడు. "వస్తాదా, బాగా?"

"చానా వస్తాది."

"ఆ గ్యాసుకంటేనా?"

"దానికంటే చానా చానా."

"అట్ల చెప్పు!" అని మీసం దువ్వుకున్నాడు.

"అయ్యో తాతా, అది ప్రైజు కాదు! పొగ ఎక్కువైతే గాలి పాడవుతాది."

"సరే, ఆ గ్యాసు యాడినుంచి వస్తాది?"

"భూమిలోంచి. చానా మటుకు ఎడారి దేశాల్నుంచి ఓడలో వస్తాది."

"అంటే ఈ అంజనప్పను కాల్చేదానికి ఓడ రావాలనా? అంత పెద్దమనిషినా నేను? నా చింతచెట్టు నా చేన్లో పుట్టింది, నా చేన్లోనే కాలతాది. ఎవురినీ అడిగే పనిలేదు."

మోహనప్రియ ఒక నిమిషం ఆలోచించింది. "అది పాయింటే తాతా. చెట్టు మళ్ళీ మొలుస్తాది. గ్యాసు ఒకసారి తోడితే మళ్ళీ రాదు. స్లైడులో పెడతాను. అయినా గ్యాసుకాడ పొగ ఉండదు. ఆడోళ్ళు కూడా లోపలికి రావచ్చు, అమ్మ, నేను, అందరం. ఇక్కడ మమ్మల్ని వీధి దాటి రానిస్తారా?" కొంచెం ఆగి వంటింటి వైపు చెయ్యి చూపింది. "పొగ అంటే నీకు ఆట. అమ్మ దగ్గేది వినపడలేదా? పొయ్యి ఊదే ఆడోళ్ళ ఊపిరితిత్తులు బీడీలు తాగినోళ్ళ మాదిరి అవుతాయంట. మా మేడమ్ చెప్పినారు."

"మీ అవ్వ కూడా ఊదింది ఇదే పొయ్యి."

"అవ్వ ఎట్ల పోయింది తాతా?"

అంజనప్ప టార్పాలిన్ విప్పి కట్టెల మీద కప్పడం మొదలుపెట్టాడు. "వాన వచ్చేట్టుండాది" అన్నాడు.

ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఆదివారం ఇంట్లో వేడుక. పెద్ద మనవరాలు తమిళరసి బిడ్డకు చెవులు కుట్టాలి. తమిళరసిని మారండహళ్ళి ఇచ్చారు. అక్కడినుంచి వ్యాను నిండా వియ్యాలవాళ్ళు వస్తారు. వాళ్ళందరికీ ముందు నడిచేది తమిళరసి అత్త మాదేశ్వరి. పెళ్ళినాడు రాహుకాలం ఇంకా రెండు నిమిషాలుందని కారు దిగకుండా కూచున్న మనిషి. పిల్లి ఎదురొచ్చిందని బజారు సగంలోంచి తిరిగి వచ్చి, కొన్న కూరగాయలు కూడా పారబోయించిన మనిషి. శకునం తప్పితే ఆమె కేకలెయ్యదు. కోడలి మొహం చూసి నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు ఏడాదిపాటు ఉంటుందని తమిళరసి ఫోనులో వాళ్ళమ్మకు చెప్పుకుని ఏడ్చింది. అందుకని శనివారంనాడు ధనం ఇల్లంతా పసుపునీళ్ళు చల్లి, మామగారి ముందుకు వచ్చి నిలబడింది.

"మామా, మీకు దండం పెడతాను. ఆ కొట్టం వెనక కట్టెల మాట మాత్రం వియ్యపురాలి ముందర ఎత్తొద్దు. శుభమా అంటా బిడ్డకు చెవులు కుట్టేనాడు ఇంట్లో చితి పేర్చి పెట్టినామని తెలిస్తే, మన తమిళరసి బతుకు తెల్లారుతాది."

"నేనెందుకు చెప్తాను?" అన్నాడు అంజనప్ప.

కొడుకు ధర్మేంద్ర, కోడలు, మనవరాలు ముగ్గురూ ఆయన వైపు చూశారు.

"చెప్పనప్పా!" అన్నాడు కోపంగా.

వంట మొత్తం గ్యాసు మీదే అని మోహనప్రియ పట్టుబట్టి తండ్రిని ఒప్పించింది. సెమినారు ఇచ్చే పిల్ల ఇంట్లో వీధంతా పొగ పెడితే ఏం మర్యాద? పెద్ద సిలిండర్లు రెండు వచ్చాయి. వంటమేస్త్రీ చిన్నతంబి వచ్చి గాడిపొయ్యి తవ్వే పని లేదని తెలిసి కొంచెం నిరాశపడ్డాడు. అతను తమిళుడే గాని, తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో వండీ వండీ తెలుగు పట్టుబడింది. "గ్యాసులో వేగం ఉంటుంది అయ్యా, వాసన ఉండదు" అన్నాడు. అంజనప్ప ఆ మాటకు అతన్ని కౌగిలించుకోబోయాడు. ధనం కళ్ళతోనే ఆపింది.

ఆదివారం పొద్దున్నే అందరూ కులదేవత గుడికి పోయారు. అక్కడే గుండు, చెవులు. అంజనప్పను కూడా తీసుకుపోయారు, ఇంట్లో వదిలితే చిన్నతంబితో కబుర్లు పెట్టుకుని ఆ వంట చెడగొడతాడని. గుడి దగ్గర కంసాలి సూది చూపించగానే బిడ్డ ఆకాశం చిల్లుపడేలా ఏడ్చింది. మాదేశ్వరి వాచీ చూసుకుని, గ్రహాలు బాగున్నాయని తల ఊపింది. విస్తరాకులు సర్దాలని ధనం అందరికంటే ముందు మోహనప్రియ స్కూటరెక్కి ఇంటికి పోయింది.

మిగిలినవాళ్ళు వ్యానులో తిరిగి వచ్చేసరికి వీధి మొగలోనే సాంబారు వాసన ఎదురొచ్చింది. మామూలు వాసన కాదు. కడుపు నిండినవాడికి కూడా ఆకలి పుట్టించే వాసన. అంజనప్పకు నోరూరింది. పందిరి కింద మొదటి పంక్తిలో పెద్దలతో పాటు కూచున్నాడు. సాంబారు పోయించుకున్నాడు, మళ్ళీ పోయించుకున్నాడు. కేసరి రెండుసార్లు పెట్టించుకున్నాడు. కేసరిలో నెయ్యి మోచేతిదాకా కారుతోంది.

"గ్యాసును తిట్టినాను గాని," అన్నాడు పక్కనున్న వియ్యంకుడితో, "మా మోహనప్రియ చెప్పింది కరెక్టే. ఇట్లాంటి సాంబారు నేను పుట్టినాక తినలేదు."

వడ్డిస్తున్న ధనం చేతిలో గరిటె జారి విస్తట్లో పడింది. ఆమె మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. పొద్దుటినుంచీ నిలబడి అలిసిపోయిందనుకున్నాడు అంజనప్ప.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. అక్కడ ఆగిపోయాడు. గ్యాసు పొయ్యిలు రెండూ మూలకు తోసేసి ఉన్నాయి. నేల తవ్వి గాడిపొయ్యి పెట్టారు. దాని మీద అన్నం గంగాళం. కింద నిప్పులు. పొగ లేదు, చిటపటలు లేవు, ఎర్రగా, నిండుగా, నింపాదిగా కాలుతున్నాయి. చింతనిప్పులు. వాటిలో సగం కాలిన మొద్దు ఒకటి, నడుమ పెద్ద బుడిపెతో. ఆ బుడిపెను అంజనప్ప మొన్న గురువారమే తట్టి చూశాడు. ఖంగుమంది.

కొట్టం వెనక్కి పరిగెత్తాడు. ఆయన వయసులో దాన్ని పరుగనే అనాలి. నీలం టార్పాలిన్ చక్కగా మడిచి పెట్టి ఉంది. రాళ్ళ మీద పేర్పు సగానికి పైగా కరిగిపోయింది. గూట్లో నెయ్యి డబ్బా బోర్లా పడి ఉంది.

"ఏమయ్యా చిన్నతంబీ!"

చిన్నతంబి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ సంతోషంగా వచ్చాడు. "అయ్యా, మీకు దండం. ఒక సిలిండరు పప్పు ఉడికేసరికే అయిపోయింది. రెండోది పెడితే బుస్సు అంటా ఉండాది, భయమేసి మూసేసినాను. ఇంట్లో ఒకరూ లేరు, ఫోను చేస్తే గుడిలో మేళం, ఎవరికీ వినపడలేదు. విరగు, అదే వంటకట్టె, ఎక్కడన్నా ఉందా అని వెతికితే, అప్పప్పా! ఇరవై ఏళ్ళుగా వంట చేస్తా ఉండాను, ఇంత ముందుచూపు ఉన్న ఇల్లు చూడలేదు. అడుగున లావు కట్టెలు, పైన సన్నవి, అంటించేదానికి పిడకలు, డిప్పలు, కర్పూరం! కేసరికి నెయ్యి చాలదే అనుకుంటా ఉంటే నెయ్యి కూడా పక్కనే! ఎవరయ్యా ఇంత బాగా సర్దినది?"

అంజనప్ప నోరు తెరిచాడు. కళ్ళు ఆ పొయ్యిలో నిప్పుల్లాగే ఎర్రబడ్డాయి. తన అరటన్ను మర్యాద, తన నిదానం, తన చుట్టూ కూచోబోయే నలుగురు, అంతా సాంబారులో ఉడికిపోయింది. అంతకంటే ఘోరం, ఆ సాంబారు తాను రెండుసార్లు పోయించుకున్నాడు. తన చితి మీద వండిన కూడు తానే తిని, బాగుందని మెచ్చుకున్న మనిషి ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

అప్పుడే కొట్టం పక్కనుంచి ధనం వచ్చింది. చేతిలో మజ్జిగ చెంబు.

"మామా, నేను వచ్చి చూసేసరికే సాంబారు దించినాడు. పారబోస్తే పందిట్లో అంతమందికి ఏం పెట్టాల? నోరు మూసుకున్నాను. తప్పే. నన్ను ఏమన్నా అనండి, ఇప్పుడు మాత్రం..."

ఆమె మాట ఆగిపోయింది. వెనకాలే మాదేశ్వరి వస్తోంది, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పేడ తొక్కకుండా చూసుకుంటూ. బిడ్డను ఎత్తుకుని తమిళరసి ఆమె వెంట ఉంది.

"ఏం పెద్దాయనా, ఇక్కడుండారు? నేను వంటాయన్ని చూడాలని వచ్చినాను. ఏం సాంబారు! ఏం కేసరి! గ్యాసులో ఈ రుచి రాదు, నాకు తెలుసు. ఏం కట్టెలివి?" పేర్పు దగ్గరికి వచ్చి వంగి చూసింది. "చింతకట్టెలు! ఎంత ఒద్దికగా పేర్చినారు! దేనికని పెట్టుకున్నారు ఇన్ని?"

చిన్నతంబి కూడా ఆసక్తిగా చూశాడు. ధనం చెంబు రెండు చేతులతో పట్టుకుంది. తమిళరసి మామూలుగా పుట్టింటి నేల మీద నిలబడినట్టు నిలబడలేదు, తీర్పు వినబోయే మనిషిలా ఉంది. గుండు చేసిన తలకు గంధం పూసుకుని, చెవులకు కొత్త బంగారు తీగలతో, బిడ్డ మాత్రం ముత్తాత మీసం కేసి చెయ్యి చాపింది.

అంజనప్ప నాలుక మీద నిజం వేడివేడిగా ఉంది. జన్మలో ఆయన ఏ నిజాన్నీ చల్లార్చుకున్నవాడు కాడు. మింగాడు. మళ్ళీ మింగాడు.

"ఒక పెద్ద పనికని పెట్టుకున్నానమ్మా" అన్నాడు. "ఈ బిడ్డ చెవులు కుట్టేదానికంటే ఇంక నాకు ఏం పెద్ద పని ఉండాది?"

మాదేశ్వరి కళ్ళు చెమర్చాయి. "చూడు తమిళరసీ, పెద్దోళ్ళంటే ఇట్ల ఉండాల" అంది. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. "మిగిలినవి మా వ్యానులో ఏయించండి పెద్దాయనా. వచ్చే నెల మా చిన్న కోడలికి శ్రీమంతం. ఈ కట్టెల మీదే వండిస్తాను. శుభమైన కట్టెలు."

చిన్నతంబి అప్పుడే రెండు మొద్దులు భుజానికెత్తాడు. ధనం కళ్ళు మూసుకుంది.

"దించు" అన్నాడు అంజనప్ప. "అవి ఇచ్చేవి కావమ్మా. అవి..." ఆగాడు. కొట్టం అవతల వంటింటి పెంకులు కనపడుతున్నాయి, పొగచూరి నల్లగా. "అవి మా కోడలివి" అనేశాడు.

వ్యాను పోయింది. సాయంత్రం ధర్మేంద్ర తండ్రి దగ్గరికి వచ్చి, తప్పంతా ఆ సిలిండరు మీదికి నెట్టి, రేపే ఒక లోడు చింతకట్టెలు తెప్పిస్తానన్నాడు. అంజనప్ప మిగిలిన పేర్పు పక్కన పొడుగ్గా నిలబడి కొలత చూసుకుంటున్నాడు.

"మోకాళ్ళ దాకా వస్తాయిరా ఇవి" అన్నాడు. "పై మనిషిని ఏం చేస్తావు?"

ధర్మేంద్ర బిక్కమొహం వేశాడు. అంజనప్పకు నవ్వొచ్చింది. మొదట మీసంలోనే నవ్వాడు, తర్వాత ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. కొట్టంలో ఆవు తల తిప్పి చూసింది.

రాత్రి మళ్ళీ వాన పడింది. తెల్లారి అంజనప్ప అరుగు మీద కూచుని వేపపుల్ల నములుతున్నాడు. వంటింట్లోంచి దగ్గు వినపడింది. కోడిపుంజు కూతలాగా రోజూ వినపడే దగ్గే. ఇన్నేళ్ళుగా కోడి కూస్తే లేచాడు గాని, ఆ దగ్గుకు ఎన్నడూ లేవలేదు. ఈ పూట వేపపుల్ల నోట్లోనే ఆగిపోయింది. ఒకటి, ఇంకొకటి, తర్వాత ఊదడం, మళ్ళీ దగ్గు. ఆయన పెళ్ళాం కూడా సరిగ్గా ఇట్లాగే, ఊదడానికీ దగ్గడానికీ నడుమ ఒక్క క్షణం ఊపిరి పట్టేది. అది ఇప్పుడు గుర్తొచ్చింది. సిగ్గేసింది ఆయనకు.

పుల్ల పారేసి కొట్టం వెనక్కి పోయాడు. చేతుల నిండా చింతకట్టెలు పెట్టుకుని వంటింటి గడప దాటి లోపలికి వచ్చాడు. ఆ గదిలోకి ఆయన వచ్చి ఎన్నాళ్ళైందో ఆయనకే తెలియదు. లోపల పొగలో ధనం కనపడలేదు, దగ్గు మాత్రం కనపడినంత దగ్గరగా ఉంది.

"మామా, ఇవేంటివి! వద్దు! కాటికట్టెలు పొయ్యిలో..."

"కాటికట్టెలు నిన్ననే అయిపోయినాయి. ఊరంతా తినింది. ఎవురన్నా పోయినారా? నేనే రెండుసార్లు పోయించుకున్నాను, చూడు ఎట్ల ఉండానో." తడి కంపను కాలితో బయటికి తోశాడు. కూచోవడానికి మోకాళ్ళు సహకరించక గోడ పట్టుకుని వంగాడు. సన్నకట్టెలు మూడు పెట్టి, కింద కొబ్బరి డిప్ప దోపాడు. "జరుగు. పొయ్యి అంటించేది నాకూ వస్తాది."

మంట ఒక్కసారిగా పట్టుకుంది. పొగ పలచబడి పెంకుల సందుల్లోంచి వెళ్ళిపోయింది. ధనం సంగటి కుండ పెట్టి, ఎసరు మరిగాక రాగిపిండి పోసి, తెడ్డు అందుకుంది. కుండ కదలకుండా అంజనప్ప రెండు గుడ్డలతో పట్టుకున్నాడు. మోహనప్రియ కాలేజీ సంచి భుజాన వేసుకుని గడపలో నిలబడి, నోరు తెరిచి చూస్తోంది.

"ఏమే, నీ సెమినారులో నన్ను ఏం చేస్తావు ఇప్పుడు?"

"ఎగ్జాంపుల్ పోయింది తాతా. నిన్ను సాంబారు కింద రాసుకోవాల."

"రాసుకో. నాకు మాత్రం ఆ బన్నుల పొయ్యే చాలని రాసుకో. ఓడ వస్తే రానీ." అని కోడలి వైపు తిరిగాడు. ధనం చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"పొగ లేదు గదమ్మా. ఇంకేమిటికి కళ్ళు ఒత్తుకునేది?"

"అలవాటు మామా" అంది ధనం తల ఎత్తకుండా.

అంజనప్ప సగం కాలిన కట్టెను పొయ్యిలోకి తోశాడు.

"ఆ గ్యాసుకాడ పొగే ఉండదంట" అన్నాడు. "మిమ్మల్ని కూడా లోపలికి రానిస్తారంట. నాకోసం ఏడవాలంటే అక్కడ నువ్వు నిజంగానే ఏడవాల. ఇప్పుడే ఆలోచించుకో."